ఎవరో మాత్ర

మా ఆయన లింగరాజుకి ఆస్కా రోడ్డులో జిరాక్సు కొట్టు.
పట్టాలు, ఆధార్లు, ఒడియా కాయితం, తెలుగు కాయితం,
ఏదైనా కాపీ రెండు రూపాయలు.
అందుకే డాక్టర్ సాబత్ గారు రిపోర్టు తిరగేసి
"రక్తంలో కాపీలు ముప్పై రెండు వేలు" అన్నప్పుడు
ఆయన నవ్వబోయి
సగంలో ఆగిపోయాడు.

వైరస్ పేరు రెండక్షరాలు, బీకే.
ఎప్పటిదో ఒక రోగి పేరుకి పొడి అక్షరాలట.
చిన్నతనంలో జలుబులా వచ్చి
మూత్రపిండంలో ఓ మూల చాప పరుచుకుంటుందట.
చాలామందిలో చచ్చేదాకా లేవదట.
నాలో లేచింది.
"మీదే కావచ్చు, ఇచ్చిన మనిషిది కావచ్చు.
ఎక్కువగా రెండోదే."

ఇచ్చింది మా అత్త.

గదిలో ఏమీ అనలేదు.
ఆసుపత్రి మెట్ల మీద మాత్రం
చెప్పులో కాలు దూర్చబోయి ఆగి,
"నా కాణ్ణించేనేటే వచ్చింది?" అంది.

ఏం చెప్పను?
చికిటిలో, కారే పెంకుటింట్లో,
ఎవరి గొంగడిలో ముక్కు తుడుచుకుందో ఆ పిల్ల!
ఆ వానాకాలపు తుమ్ము
అరవై ఏళ్లు నడిచొచ్చి
నా పొత్తికడుపు కుడిపక్కన బస చేసింది.
కన్నతల్లి జ్వరం కూడా
నాకింత దగ్గరగా రాలేదు.

ఖాస్పా వీధిలో మా డాబా మీద
ఏడేళ్లుగా ఇద్దరం అప్పడాలు ఆరేస్తున్నాం.
ఎండ ఎక్కువైతే పటుక్కున విరుగుతుంది.
తడి మిగిలితే మూడోనాటికి డబ్బాలో బూజు.
"బూజు బయటినించి రాదే,
పిండిలోనే ఉంటాది, తడి కోసం సూస్తాది"
అని నాకు నేర్పింది ఆమే.
ఇప్పుడా మాట గుర్తుచేయడానికి
నాకు నోరు రాలేదు.

సాబత్ గారు చాలాసేపు కిటికీలోంచి
ఆటోస్టాండు కేసి చూశారు.
తరవాత పాత చీటీ మీద అడ్డంగా గీత.
మైకోఫెనోలేట్ తీసేశారు.
టాక్రోలిమస్ సగానికి దించారు.
కొత్తది ఒకటి రాశారు: ఎవరోలిమస్.
"ఇది ఆ పురుగుని చంపదమ్మా.
చంపే మందు మా దగ్గర లేదు.
మీ ఒంటి కాపలాని కొంచెం లేపుతున్నాం, అంతే.
మరీ లేపామా, అది మీ అత్తగారి మీదే పడుతుంది."

రాత్రి కరెంటు పోయింది.
సెల్లు వెలుగులో అత్త అట్ట మీద పేరు నాచేత చదివించుకుంది.
"ఎవరో... ఏటి?"
"ఎవరోలిమస్."
"ఎవరో మాత్రా!" అని ఒక్కతే నవ్వింది.

నాకు నిద్ర పట్టలేదు.
లోపల కాపలావాడు కర్ర తాటించి
ఎవరది, ఎవరది అని అడిగినప్పుడల్లా
ఈ మాత్ర ఏం చెబుతుందో తెలిసింది.
ఎవరోలే.
మనవాళ్లే.
పడుకో.
పూర్తిగా మాత్రం పడుకోకు.

వారానికి నోరంతా పూసింది.
అప్పడం నమలలేను, ఆవకాయ వాసనకే కళ్లల్లో నీళ్లు.
అత్త గంజిలో మెతుకులు మెదిపి
చల్లారేదాకా గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చునేది,
శిక్ష తనకే పడ్డట్టు.
నెలకోసారి విశాఖకి రక్తం వెళ్లేది.
పద్దెనిమిది వేలు.
ఇరవై ఒకటి. ఆ రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.
ఆరు వేలు.
క్రియాటినిన్ ఒకటిన్నర దగ్గరే
మొండిగా కూర్చుంది.

మొన్న తొమ్మిది వందలు వచ్చింది.
మా ఆయన ఆ కాయితానికి రెండు కాపీలు తీశాడు,
ఒకటి ఫైలుకి, ఒకటి వాళ్లమ్మకి.
ఇంగ్లీషు ముక్క రాని మనిషి,
అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి
అప్పడాల పీట కింద దాచుకుంది.

"పోయినట్టేనా?"
"పోదత్తా. పడుకుంది."

అత్త అప్పడాల కర్ర
చప్పుడు కాకుండా పక్కన పెట్టింది.
గొంతు బాగా తగ్గించి
"పడుకోనీ" అంది.